ఐదేళ్లు కాదు, ఇరవై నిమిషాలు

"పిల్లలు కాస్త పెద్దయ్యాక వెళ్దాంలే." అరకు మాట ఎత్తినా, కాశీ మాట ఎత్తినా మన ఇళ్లలో ముందు వచ్చే జవాబు ఇదే. కాస్త అంటే ఎంత అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. అమ్మమ్మ "పుట్టువెంట్రుకలు తీయించాక" అంటుంది. నాన్న "ఐదు నిండనీ" అంటాడు. అమెరికాలో ఉన్న బాబాయి "రెండు నిండకముందే వచ్చేయాలి" అంటాడు. మొదటిది మొక్కు లెక్క, రెండోది బడి లెక్క, మూడోది టికెట్టు లెక్క. వీటిలో పిల్లల లెక్క ఒక్కటీ లేదు.

నియమాలు రాసేవాళ్లు కూడా వయసు దగ్గరే గీత గీస్తారు. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రుల్ని పెద్ద క్యూ లేకుండా సుపథం అనే వేరే ద్వారం గుండా పంపుతారు. విమానంలో రెండేళ్లలోపైతే ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు లేదు. ఈ మూడు గీతల్లో ఏదీ తల్లి చేతికి తీరిక దొరికే రోజును చెప్పదు. తమాషా ఏమిటంటే, బిడ్డను ఎత్తుకుని క్యూలో నిలబడటం నిజంగా కష్టమయ్యేది ఏడాది నిండాకే. సుపథం మూసుకునేదీ సరిగ్గా అప్పుడే.

నా లెక్క వేరు. "అమ్మా, కాసేపట్లో వస్తుంది" అని పిల్ల ముందే చెప్పి, ఆ తర్వాత ఒక ఇరవై నిమిషాలు మూత్రం ఆపుకోగలిగిందంటే ఆ రోజుతో ప్రయాణం సులువవుతుంది. కొందరికి ఇది మూడున్నరకే వస్తుంది, కొందరికి ఐదు దాటాక గానీ రాదు. ఎక్కువమంది నాలుగుకు అటూఇటూగా అందుకుంటారు.

ఇరవై నిమిషాలే ఎందుకంటారా? హైవే మీద కాస్త శుభ్రమైన టాయిలెట్ ఉన్న బంకో హోటలో దొరకడానికి అంత సేపు పడుతుంది. విమానం దిగేటప్పుడు బెల్టు లైటు వెలిగిందంటే, చక్రాలు ఆగి తలుపు తీసేదాకా కనీసం అంత సేపు. రైల్లో పొద్దున్నే ఆరింటికి టాయిలెట్ ముందు బ్రష్షులు పట్టుకుని నిలబడ్డ నలుగురు లోపలికెళ్లి వచ్చేదాకా కూడా దాదాపు అంతే. ఆ కాసేపు ఓర్చుకోగల పిల్లతో ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఓర్చుకోలేని పిల్లతో కూడా వెళ్లొచ్చు, కాకపోతే పెద్దవాళ్లలో ఒకరు ప్రయాణం పొడుగునా డ్యూటీలో ఉండాల్సిందే.

డైపర్ మానేశారు కదా, ఇక హాయి అనుకుని టికెట్లు తీయడం చాలామంది చేసే పొరపాటు. డైపర్ మానేసిన మొదటి రెండు మూడు నెలలంత చెడ్డ సమయం ప్రయాణానికి ఇంకోటి లేదు. ఆ దశలో పిల్ల "వస్తోంది" అంటే వచ్చేసిందని అర్థం. పైగా రైలు టాయిలెట్ చూసి బెదిరిపోతారు. ఇంట్లో లేని ఊపు, పెద్ద చప్పుడు, తడి నేల. భయానికి బిగబట్టుకుంటారు, అది రెండు రోజుల మలబద్ధకంగా తేలుతుంది, ఊరెళ్లాక కడుపునొప్పి అని ఏడుస్తారు. రైలెక్కిన పావుగంటలోపు, టాయిలెట్ ఇంకా పొడిగా ఉన్నప్పుడే, అవసరం లేకపోయినా ఒకసారి తీసుకెళ్లి చూపించి, నీళ్లు వదిలితే ఎంత చప్పుడవుతుందో వినిపించి తేవాలి. రాత్రి బెర్తు మీద మాత్రం డైపర్ వేసేయండి. అలవాటు పాడవుతుందని కొందరంటారు. ఒక్క రాత్రికి పాడయ్యే అలవాటైతే అది ఇంకా అలవాటు కాలేదనే.

వచ్చి పోయే సులువు

పిల్లలు పెరిగేకొద్దీ ప్రయాణం సులువవుతుందనుకుంటాం. అది మెట్లెక్కినట్టు తిన్నగా ఉండదు. నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల దాకా ఒక బంగారు కాలం ఉంది. దాన్ని మనవాళ్లు దిష్టి పేరుతో, గాలి సోకుతుందనే పేరుతో ఇంట్లోనే గడిపేస్తారు. ఆ వయసు బిడ్డ పాకదు. పెట్టినచోట ఉంటుంది. తల్లిపాలు తాగుతుంటే సీసాలు, ఫ్లాస్కులు అక్కర్లేదు. ఆరు నెలలలోపు మే నెల ఎండలో కూడా విడిగా నీళ్లు పట్టనక్కర్లేదు, పాలు కాస్త తరచుగా ఇస్తే చాలు. డబ్బాపాలైతే పని పెరుగుతుంది: కాచిన వేడినీళ్లతో అప్పటికప్పుడు కలపాలి, కలిపినవి బయట ఉంటే రెండు గంటలు దాటాక పారబోయాలి. మిగిలాయని మళ్లీ పడితే విరేచనాలు పట్టుకుంటాయి.

డైపర్ల లెక్క కష్టమేం కాదు. మూడు గంటలకొకటి, ఆపైన రెండు. పన్నెండు గంటల రైలుకు ఆరు. వాడినవి మూతిబిగించే కవర్లో వేసి చెత్తబుట్టలో పడేయాలి గానీ టాయిలెట్లో వేయకూడదు. ఇప్పుడున్నవి బయోటాయిలెట్లు, ఒక్క డైపర్ అడ్డుపడిందంటే బోగీ మొత్తానికి ఆ టాయిలెట్ పోయినట్టే. బిడ్డ బట్టలు జతల చొప్పున ఒక్కో కవర్లో పెట్టుకుంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. అందరూ మరిచిపోయేది ఇంకోటుంది: తల్లికో జత, తండ్రికో చొక్కా. బిడ్డ కక్కేది తన బట్టల మీద మాత్రమే కాదు.

విమానంలో బిడ్డ ఏడ్చేది ఎక్కువగా దిగేటప్పుడే. చెవిలో ఒత్తిడి సర్దుకోవాలంటే గుటక పడాలి. దిగడం నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే మొదలవుతుంది కాబట్టి పాలు అప్పుడు పట్టాలి. చాలామంది ఎక్కగానే కడుపునిండా పట్టి, దిగే వేళకు నిద్రపుచ్చుతారు. తీరా అరగంట మిగిలుందనగా బిడ్డ కెవ్వుమని లేస్తుంది.

పదో నెల దాటిందా, ఆ సులువు పోయినట్టే. పాకడం, నిలబడటం, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం, కాళ్లొచ్చాక చేయి విడిపించుకుని పరుగెత్తడం. పదో నెల నుంచి మూడేళ్ల దాకా కష్టకాలమే, అందులోనూ పద్నాలుగు నుంచి ముప్ఫై నెలల మధ్య మరీ కష్టం. కోరిక ఉంటుంది, కాళ్లుంటాయి, మాటలుండవు. చెప్పలేనిదల్లా ఏడుపుగా వస్తుంది.

ఇక్కడే అమెరికా బాబాయి లెక్క తప్పుతుంది. రెండు నిండకముందు టికెట్టు చవక, నిజమే. కానీ ఇరవై రెండు నెలల బిడ్డ పదకొండు పన్నెండు కిలోలుంటుంది. చాలా విమానాల ఊయలలు ఆ బరువుకు పనికిరావు. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేదాకా పద్నాలుగు పదిహేను గంటలు ఆ బరువు ఒళ్లోనే. ఉరుకులాడే వయసు, బెల్టు కింద. డబ్బు మిగలాలంటే ఆరేడు నెలలప్పుడు రావాలి, లేదంటే ఇంకో రెండేళ్లు ఆగి సీటు కొని రావాలి. సెలవులు మన చేతిలో ఉండవు, అమ్మమ్మ తాతయ్యల ఆరోగ్యమూ మన చేతిలో ఉండదు, నిజమే. రాక తప్పనప్పుడు వచ్చే ప్రయాణాన్ని "చవకగా పడింది" అని ఊరికే మెచ్చుకోవద్దంటున్నాను, అంతే. ఇంకో మెలిక: ఇక్కడున్న రోజుల్లో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే.

రాత్రి బండి, పగటి బండి

సికింద్రాబాద్ నుంచి విశాఖకు 2023 సంక్రాంతికి వందే భారత్ వచ్చింది. సుమారు ఎనిమిదిన్నర గంటలు, అన్నీ కూర్చునే సీట్లు. హైదరాబాద్ నుంచి సాయంత్రం ఐదు దాటాక బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ రాత్రంతా నడిచి తెల్లారేసరికి దింపుతుంది. పిల్లలున్నవాళ్లు ఏది ఎక్కాలి? తక్కువ సమయం కదా అని వందే భారత్ వైపు చూస్తారు. ఏడాదిన్నర బిడ్డకు ఎనిమిది గంటల సీటు శిక్ష, రాత్రి బండి నయం. నిద్ర దాని పని అది చేసుకుపోతుంది, మీరు భరించాల్సింది ఎక్కిన మూడు గంటలూ, దిగే ముందు ఒక గంట. ఐదేళ్లు దాటిన పిల్లకు అంతా తారుమారు. పగటి బండిలో కిటికీ ఉంది, గోదావరి మీద వంతెన ఉంది, తినడానికి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. రాత్రి బండిలో వాళ్లకేం కనిపిస్తుంది?

బెర్తుల సంగతి కూడా తేల్చుకోవాలి. 2016 ఏప్రిల్ నుంచి ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. సగంతో తీస్తే ఆ పిల్ల మీ బెర్తు మీదే పడుకోవాలి, దాని వెడల్పు చూస్తే రెండడుగులు. నాలుగైదు గంటల పగటి ప్రయాణానికి స్లీపరులో అర టికెట్టు తీయండి, తప్పులేదు. రాత్రి ప్రయాణానికి మాత్రం పూర్తి ఛార్జీ కట్టేయండి. ఆరేళ్ల పిల్ల నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతుంది. ఆ రాత్రి నిద్రలేని తల్లి మర్నాడు ఊళ్లో చిరాకుపడే ప్రతి చిరాకూ ఆ మిగిలిన సగం ఛార్జీ ఖాతాలోనే రాసుకోవాలి.

బిడ్డ తల్లికి కింది బెర్తే కావాలి. కింది బెర్తుల్లో కొన్ని వృద్ధులకు, నలభై ఐదేళ్లు దాటిన ఆడవాళ్లకు, గర్భిణులకు కేటాయిస్తారు. మోసేటప్పుడున్న సౌకర్యం కన్నాక లేకపోవడం ఏం న్యాయమో నాకు తెలియదు. 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకు ఆనించి మడతపెట్టే చిన్న బేబీ బెర్తును పరీక్షకు పెట్టారు. మంచి ఆలోచన. మన బండ్లలో అలాంటిది కనిపించేదాకా బిడ్డను గోడవైపు పడుకోబెట్టి, తల్లి బయటివైపు పడుకుని, దుప్పటి అంచును పరుపు కిందికి గట్టిగా దోపడమే మార్గం. మధ్య బెర్తు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకానే వేయాలని నియమం. బిడ్డ ఎనిమిదింటికే పడుకునే రకమైతే ఎదుటివాళ్లతో ఎక్కగానే మాట్లాడుకోవాలి. ఎనిమిదింటికి అడిగితే గొడవ, సాయంత్రం ఆరింటికే అడిగితే "అయ్యో, దానికేముందమ్మా" అంటారు.

ఒకటి తగ్గితే ఇంకోటి మొదలు

నా ఇరవై నిమిషాల సూత్రానికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయలేను. వాంతులు. ఒళ్లో ఉన్న పసిపిల్లలు ఘాట్ రోడ్డు మీద కూడా హాయిగా నిద్రపోతారు. రెండేళ్లు దాటాక వాంతులు మొదలై, బడికెళ్లే వయసులో ముదిరి, పన్నెండు దాటాక గానీ తగ్గవు. అంటే డైపర్ బాధ తీరిందని ఊపిరి పీల్చుకునే వేళకే ఇది తయారవుతుంది. అన్నీ చక్కగా చెప్పగల ఏడేళ్ల పిల్ల తిరుమల మలుపుల్లో కారంతా పాడుచేస్తుంది. మరి ముందే చెప్పడం వల్ల సులువవుతుందన్న మాట ఏమైనట్టు?

నిలబడుతుందనే నా నమ్మకం, కాకపోతే ఇక్కడ ఆ మాటను మనం నేర్పాలి. మూత్రం సంగతి పిల్లలకు దానంతటదే తెలుస్తుంది, వాంతి సంగతి తెలియదు. అది హఠాత్తుగా రాదు. ఐదు పది నిమిషాల ముందే ఆవలింతలు వస్తాయి, నోట్లో నీళ్లు ఊరతాయి, ముఖం పాలిపోతుంది, వాగుతున్న పిల్ల మాట మానేస్తుంది. "వాంతి వస్తే చెప్పు" అంటే పిల్ల వచ్చాకే చెబుతుంది. "నోట్లో నీళ్లూరితే చెప్పు" అనండి. అప్పుడు కారు పక్కకు ఆపే వ్యవధి ఉంటుంది.

కారణం తెలిస్తే సగం ఆపొచ్చు. లోపలి చెవి కదులుతున్నామంటుంది, ఫోను మీదున్న కళ్లు కదలడం లేదంటాయి. ఆ తగువు కడుపు మీదికొస్తుంది. వెనకసీట్లో కూర్చున్న పొట్టి పిల్లకు ముందుసీటు వీపు తప్ప ఏమీ కనిపించదు, చేతిలో ఫోను లేకపోయినా తిప్పుతుంది. బూస్టరు సీటు మీద కూర్చోబెడితే రోడ్డు కనిపిస్తుంది, బెల్టు మెడకు కాకుండా భుజానికి తగులుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే చట్టప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉన్న సంగతి అటుంచండి, వాంతులు తగ్గుతాయంటేనే మనవాళ్లు కొంటారేమో.

బయల్దేరడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు పెట్టండి. పాలు, పూరీలు వద్దు. ఖాళీ కడుపు కూడా వద్దు, ఖాళీ కడుపుకు వికారం ఇంకా ఎక్కువ. ఫోను ఘాట్ మొదలుకాకముందే తీసేసుకోవాలి, ఏడుపు వాంతికంటే నయం. చిల్లు లేని కవర్లు నాలుగు, ఒక్కోదాని అడుగున మడిచిన పేపరు, పిల్ల చేతికందేచోట. డిక్కీలో పెడితే పెట్టనట్టే. మందు వేయాలంటే డాక్టరు రాసింది, బయల్దేరే ముందు వేయాలి. వికారం మొదలయ్యాక వేస్తే వాంతితోపాటు బయటికొస్తుంది. దుకాణంలో అడిగితే ఇచ్చే ప్రోమెథజైన్ రకం మందు రెండేళ్లలోపు పిల్లలకు అసలు వేయకూడదు.

మందుల సంచి గురించి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పులు చిన్నవి కావు. జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది: ఐదు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకోటి. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల బిడ్డకు మొదటిది దాదాపు ఆరు మిల్లీలీటర్లు, రెండోది మూడు. ఇంట్లో వాడే సీసా మరిచిపోయి ఊళ్లో ఇంకోటి కొని "మామూలుగా వేసేంతే" వేస్తే మోతాదు రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది. మీ సీసానే తీసుకెళ్లండి, దాని మీద మీ పిల్ల మోతాదు పెన్నుతో రాసుకోండి.

ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసుడు నీళ్లలో కాస్త వేసి మిగతాది మడిచి దాచడం వల్ల ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. స్టేషన్‌లో దొరికే నీళ్ల సీసా సరిగ్గా లీటరే, మొత్తం ప్యాకెట్టు అందులో పోసి కుదిపేయండి, ఇరవై నాలుగు గంటల్లో వాడేయండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకున్న తీపి పానీయాల డబ్బాలు అసలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టరొకరు ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దంది. అలవాటు మీద ఇప్పటికీ అవే అడిగేవాళ్లున్నారు.

తిండికి మన పాత పద్ధతులే పనికొస్తాయి. మూడు వంతులు అటుకులు, ఒక వంతు పుట్నాలు దోరగా వేయించి పొడి చేసుకుంటే, ఫ్లాస్కు నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే చాలు, ఏడాది బిడ్డకు భోజనం సిద్ధం. పెరుగన్నం కలిపి పట్టుకెళ్తే మధ్యాహ్నానికి పులుస్తుంది. పాలన్నంలో చెంచాడు పెరుగు వేసి తోడుపెట్టి తీసుకెళ్తే తినే వేళకు కమ్మగా ఉంటుంది. వేరుశనగలు మాత్రం నాలుగేళ్లలోపు పిల్లల చేతికివ్వొద్దు. కుదుపుల్లో గొంతుకడ్డం పడేవి అవే.

సులువు వేరు, సరదా వేరు

ఇంతదాకా చెప్పిందంతా సులువు గురించి. సరదా వేరే లెక్క, అది పిల్ల ఎదుగుదలకంటే పెద్దవాళ్ల పట్టుదల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఐదేళ్ల పిల్లతో తిరుపతి వెళ్లి, అటునుంచి కాణిపాకం, శ్రీకాళహస్తి రెండు రోజుల్లో చుట్టేసి "పిల్ల ఒకటే నస" అంటే అది పిల్ల తప్పు కాదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు మూడొందల రూపాయల దర్శనానికి టికెట్టు అక్కర్లేదు గానీ, నిలబడేది వాళ్ల కాళ్లే. అలిపిరి మెట్లు 3,550. ఏడేళ్లవాళ్లు పరుగున మొదలుపెట్టి, సగానికి ముందే ఎత్తుకోమంటారు. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయాక, పదిహేనేళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే నడకదారిలోకి పంపడం ఆపారు. అక్కడి వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి, పిల్లలతో నడవాలనుకుంటే తెల్లారగానే మొదలుపెట్టడం క్షేమం.

రోజుకు ఒకటే చూడాలి, అది మధ్యాహ్నం లోపు అయిపోవాలి. నాకు తెలిసినంతలో పిల్లల ప్రయాణానికి ఇంతకుమించిన నియమం లేదు, అందరూ ఒప్పుకుని ఎవరూ పాటించని నియమం కూడా ఇదే. "మళ్లీ ఎప్పుడొస్తామో" అన్న మాట దగ్గర అది కూలిపోతుంది.

నాలుగేళ్ల పిల్లకు మొదటి మంచి ప్రయాణం ఏదంటే విశాఖ–కిరండూల్ బండిలో అరకు అంటాను. పొద్దున్నే బయల్దేరితే నాలుగు గంటల్లో చేరుతుంది. దారిలో డజన్ల కొద్దీ సొరంగాలు. మొదటి దానికి పిల్ల బిక్కమొహం వేసి మీద పడుతుంది. మూడోదానికి బోగీలో పిల్లలంతా కేకేస్తుంటే తనూ కేకేస్తుంది. పదోదానికి ముందే సిద్ధంగా ఉంటుంది. ఇరవై దాటాక లెక్క తప్పి మళ్లీ పదిహేను నుంచి మొదలుపెడుతుంది. అదే బండిలో రెండేళ్ల తమ్ముడికి ప్రతి చీకటీ కొత్తదే, ప్రతిసారీ ఏడుపే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చిన్నవాడి లెక్కే అందరి లెక్క అవుతుంది. పెద్దదాన్ని తీసుకుని ఒక్కరే ఒక పూట ప్రయాణం చేసి రావడం మన ఇళ్లలో ఎవరికీ తోచదు. ఆ పిల్లకు చిన్నవాడు పెరిగేదాకా ఆగాల్సిన ఖర్మ ఎందుకు?

ఆగితే పిల్ల నేర్చుకుని వస్తుందా అన్నది కూడా అనుమానమే. ముందే చెప్పడం, ఆపుకోవడం, కొత్త టాయిలెట్‌కు జంకకపోవడం ఇంట్లో కూర్చుంటే రావు. రెండు గంటల బస్సు ప్రయాణాల్లో, మేనమామ ఊరికి వెళ్లొచ్చే ప్రయాణాల్లో వస్తాయి. నెలకొకటి చిన్నది చేసే ఇంటి పిల్ల మూడున్నరకే తయారవుతుంది, ఐదు నిండేదాకా కదలని ఇంటి పిల్ల ఐదున్నరకు మొదటి పాఠం దగ్గరుంటుంది.

మరొకటి, పిల్లకు తన సంచి తనకివ్వండి. కిలో దాటకూడదు: నీళ్ల సీసా, ఒక చొక్కా, ఒక బొమ్మ, తినేది ఏదైనా ఒకటి. మొదట్లో అరగంటకే మీ భుజానికి వస్తుంది, ఒప్పుకోక తప్పదు. అరకు నుంచి వచ్చేటప్పుడు ఆ సంచిలో గులకరాళ్లుంటాయి. విమానమైతే బరువు చూసుకోండి. రైలైతే రానివ్వండి.